గాజుతీగలో కాంతికి ఎంతసేపు పడుతుంది?

వానాకాలంలో మెరుపు మెరవగానే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడం మా టేకుమట్ల పిల్లలకు అలవాటు. మూడు సెకన్లకు ఉరుము వినపడితే, ఆ మెరుపు ఇంచుమించు ఒక కిలోమీటరు దూరంలో మెరిసిందన్నమాట. ఆరు సెకన్లయితే రెండు కిలోమీటర్లు. మెరుపు వెలుగు మన కంటికి తక్షణం చేరుతుంది. ఉరుము మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున వెనకనుంచి వస్తుంది. పొలాల మీదుగా ఎవరూ నడిచి వెళ్ళలేదు, టేపు పట్టలేదు. అయినా దూరం తెలిసింది. కాలమే ఇక్కడ టేపు!

దూరాన్ని కాలంతో కొలిచే మరొక పద్ధతి కూడా మీకు తెలుసు. గుట్టకు ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఒక సెకను తరువాత ప్రతిధ్వని వినపడితే గుట్ట ఎంత దూరంలో ఉన్నట్టు? 340 మీటర్లు అనకండి. చప్పుడు గుట్టదాకా పోయి, తిరిగి మీ దగ్గరికి వచ్చింది గదా! కనుక సగం, అంటే 170 మీటర్లు.

ఈ "సగం" అన్న మాటను బాగా గుర్తు పెట్టుకోండి. చూడటానికి చిన్న మాట. కాని దీనివెనక చాలా కథ ఉన్నది.

శబ్దాన్ని వేళ్ళమీద లెక్కపెట్టి కొలవచ్చు. మరి కాంతినో? పూర్వం ఇటలీ దేశంలో గెలీలియో ఈ ప్రశ్న వేసుకున్నాడు. 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఒక ఉపాయం చెప్పాడు. ఇద్దరు మనుషులు రాత్రివేళ మూతపెట్టిన లాంతర్లు పట్టుకుని దూరదూరంగా నిలబడాలి. మొదటివాడు మూత తీయగానే వెలుగు చూసి రెండవవాడు తన లాంతరు మూత తీయాలి. ఆ వెలుగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో మొదటివాడు చూడాలి. ఉపాయం మంచిదే, కాని ఫలించలేదు. ఎందుచేతనంటే, వారిద్దరి మధ్య ఒకటిన్నర కిలోమీటర్ల దూరం ఉన్నా కాంతి పోయి రావడానికి సెకనులో లక్షవ వంతు చాలు. మూత తీసే చెయ్యి కదలడానికే సెకనులో అయిదవ వంతు పడుతుంది! ఆ ప్రయోగంలో కొలిచింది కాంతి వేగాన్ని కాదు, మనిషి చేతి వేగాన్ని.

రెండు వందల ఏళ్ళు గడిచాక, 1849లో, ఫ్రాన్సు దేశపు ఫిజో ఆ రెండవ మనిషిని తీసేసి, అతని స్థానంలో అద్దం పెట్టాడు. అద్దానికి ఆలోచించే పని లేదు గదా! మొదటి మనిషి చేతికి బదులు 720 పళ్ళున్న చక్రం పెట్టాడు. పన్నుకు పన్నుకు మధ్య సందులోనుంచి వెలుతురు బయలుదేరి, 8,633 మీటర్ల దూరంలో ఉన్న అద్దానికి తగిలి, తిరిగి చక్రం దగ్గరికి వచ్చేది. చక్రం మెల్లగా తిరిగినప్పుడు వెలుతురు అదే సందులోనుంచి తిరిగి వచ్చి కంటికి కనపడేది. వేగం పెంచుతూ పోగా, సెకనుకు 12.6 చుట్ల దగ్గర వెలుతురు మాయమయింది. అంటే అది పోయి వచ్చేలోగా సందు జరిగిపోయి పక్క పన్ను అడ్డం వచ్చిందన్నమాట. ఆ కాలం సెకనులో సుమారు 18,000వ వంతు! ఆయనకు వచ్చిన కాంతి వేగం నేటి లెక్కకన్న అయిదు శాతం మాత్రమే ఎక్కువ. నేటి లెక్క సెకనుకు 29,97,92,458 మీటర్లు. స్థూలంగా 3 లక్షల కిలోమీటర్లు.

గాలిలో పరుగెత్తే ఈ కాంతిని గాజుపోగులోకి ఎక్కించి, వంపులు తిరిగిన దారిలో కూడా నడిపించవచ్చునని తరువాతి కాలంలో తెలుసుకున్నారు. ఈ పనిలో ముందు నడిచినవారిలో పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. 1954లో ఆయన, ఆయన గురువు హాప్కిన్స్ కలిసి గాజుపోగుల కట్టలోనుంచి బొమ్మలను పంపి చూపించారు. అయితే ఆనాటి గాజులో మలినాలుండేవి. కొద్ది దూరం పోయేసరికి వెలుతురు ఇంకిపోయేది. మలినాలు తీసివేస్తే కిలోమీటర్ల కొద్దీ పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో లెక్కకట్టి చెప్పాడు. ఆయనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు ఫోనులో మాటలు, బ్యాంకు లెక్కలు, సినిమాలు అన్నీ ఆ పోగులలోనుంచే ప్రయాణం చేస్తున్నాయి. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. అందులో కాంతి నడిచే నడిమి భాగం అంతకన్న ఇంకా ఎంతో సన్నం.

గాజులో కాంతి గాలిలో నడిచినంత వేగంగా నడవదు. సెకనుకు సుమారు 2,04,000 కిలోమీటర్లే నడుస్తుంది. ఒక మీటరు గాజుపోగు దాటడానికి దానికి సుమారు 5 నానో సెకన్లు కావాలి. నానో సెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. పోయి తిరిగి రావడానికి మీటరుకు 10 నానో సెకన్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఇకముందు చెప్పబోయేదంతా మీకు సులభంగా అర్థమవుతుంది.

కిందటి వానాకాలంలో మా ఊరికి వచ్చే ఫైబరు కేబులు తెగిపోయింది. సెల్ టవరుకు కూడా ఆ కేబులే ఆధారం. ఫోన్లు మూగబోయాయి. అది పింఛన్లు ఇచ్చే రోజు. వేలిముద్ర వేస్తే మిషను "నెట్‌వర్కు లేదు" అంటున్నది. కర్రలు పట్టుకుని వచ్చిన ముసలివాళ్ళు ఆఫీసు అరుగుమీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. కొందరికి ఆ డబ్బుతోనే మందులు కొనాలి.

మధ్యాహ్నానికి కేబులు బాగుచేసే కుర్రవాడు మోటారు సైకిలుమీద వచ్చాడు. ఊరివాళ్ళు అతనికి ముందుగానే తీర్పు చెప్పేశారు.

"గా వంతెన కాడ నిన్న జేసీబీ తవ్వింది గదా తమ్మీ, ఆడనే తెగి ఉంటది. పోయి చూడు."

అతను నవ్వి, "చూద్దాం. మిషను ఏమంటదో అడుగుదాం," అన్నాడు.

అతని సంచిలోనుంచి టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి బయటికి వచ్చింది. దాని పేరు ఓటీడీఆర్. ఏడో తరగతి చదివే మా అన్న కూతురు నా పక్కనే నిలబడి చూస్తున్నది.

"కాకా, తెగింది భూమిలోపల గదా! గీడ కూసుంటే ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

నేను చెప్పేలోగా అతనే చెప్పాడు. "గుట్ట ముందు చప్పట్లు కొడతరు చూడు, గట్లనే. ఇది గాజుల వెలుతురుతోని చప్పట్లు కొడతది."

నిజంగా అంతే. ఆ పెట్టె పోగులోకి కాంతిని అతి చిన్న తునకగా పంపుతుంది. గాజు ఎంత స్వచ్ఛమైనదైనా దారి పొడవునా కొంచెం కొంచెం కాంతి చెదిరి వెనక్కి వస్తుంటుంది. ఆకాశం నీలంగా కనపడటానికి కారణమైన చెదరడమే ఇదీను. తెగినచోట వెనక్కి వచ్చే కాంతి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఎంత కాలానికి ఎంత కాంతి తిరిగి వచ్చిందో పెట్టె ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీత ఏటవాలుగా దిగుతూ దిగుతూ, తెగినచోట గోడమీదనుంచి దూకినట్టు కిందపడుతుంది. ఒక్కసారి పంపితే వచ్చే కాంతి చాలా కొంచెం. అందుకని వేలసార్లు పంపి, వచ్చిన జవాబుల సరాసరి తీస్తుంది.

ఒక మాట. ఈ కాంతి కంటికి కనపడదు. కనపడదు గదా అని తెగిన పోగు కొసలోకి ఎన్నడూ తొంగిచూడకూడదు. అది కంటిని చెడగొట్టగలదు.

గీత 37.9 మైక్రో సెకన్ల దగ్గర కిందపడింది. మైక్రో సెకనంటే సెకనులో పదిలక్షల వంతు. అందులో సగం తీసుకుని గాజులో కాంతి వేగంతో గుణిస్తే 3,870 మీటర్లు వచ్చింది. వంతెన అంత దూరంలో లేదు. అది ఊరికి చాలా దగ్గర.

"అయితే 3,870 మీటర్ల కాడ తవ్వుదాం పా," అన్నారు ఊరివాళ్ళు.

"ఆగుండ్రి," అన్నాడతను.

ఎందుకు ఆగాలో చూడండి. పెట్టె కొలిచింది రోడ్డు పొడవును కాదు, గాజుపోగు పొడవును. కేబులులో పోగు తిన్నగా ఉండదు. లాగితే తెగకుండా ఉండటానికి మెలిక వేసి పెడతారు. నూరు మీటర్ల కేబులులో పోగు ఒక మీటరు దాకా ఎక్కువ ఉండవచ్చు. పైగా అతుకులు వేసిన ప్రతి గుంటలోనూ, ముందుముందు అవసరపడుతుందని కొన్ని మీటర్ల కేబులును చుట్టగా చుట్టి పెడతారు. ఈ చుట్టలన్నీ దారిలోని దూరంకాదు. ఇంకా ఒక చిక్కున్నది. గాజులో కాంతి వేగం అన్ని గాజులకూ ఒకటి కాదు. ఆ గాజు తాలూకు అంకె పెట్టెలో 1.468కి బదులు 1.478 అని వేశామనుకోండి. పది కిలోమీటర్ల దూరంలో దాదాపు 70 మీటర్ల తేడా వస్తుంది!

అందువల్ల అతను ఒక తెలివైన పని చేశాడు. గీతమీద 3,012 మీటర్ల దగ్గర చిన్న మెట్టు కనపడుతున్నది. అది పోగును అతికినచోటు. ఆ గుంట రోడ్డుపక్కన ఎక్కడ ఉన్నదో అతనికి తెలుసు. అక్కడినుంచి తెగినచోటికి 858 మీటర్ల పోగు. మెలికలకు నూటికి ఒకటి తీసేస్తే దాదాపు 850. గుంటలో అవతలివైపు చుట్ట 15 మీటర్లు తీసేస్తే 835. ఊరినుంచి మొదలుపెట్టి కొలిస్తే దారిలోని తప్పులన్నీ కలుస్తాయి. దగ్గరలో ఉన్న తెలిసిన గుర్తునుంచి కొలిస్తే తప్పు కొద్దిగానే ఉంటుంది.

అంతటితో ఊరుకోలేదు. కేబులు రెండవ కొసన ఉన్న పక్క ఊరి ఆఫీసుకు మోటారు సైకిలుమీద పోయి, అక్కడినుంచీ ఒకసారి కొలిచాడు. తిరిగి వచ్చేసరికి అతని ముఖంలో ఏదో ఆలోచన కనపడింది.

"అటునుంచి 5,758 మీటర్లు. ఇటునుంచి 3,870. కలిపితే ఎంత బిడ్డా?" అని మా పిల్లను అడిగాడు.

"9,628."

"కేబులు వేసిననాడు రాసిన లెక్క 9,640. పన్నెండు మీటర్లు ఎటు పోయినయి?"

ఆ పిల్ల కాసేపు నేలవైపు చూసింది. తరువాత, "ఒక్క కాడ కాదు, రెండు కాడల తెగింది!" అన్నది.

అవును మరి! ఒక్కచోటే తెగితే రెండు కొలతలు కలిసి మొత్తం పొడవు రావాలి. నడుమ పన్నెండు మీటర్ల ముక్క రెండు కొసలా తెగిపోయి ఉంటే, ఏ వైపునుంచి పంపిన కాంతీ ఆ ముక్కలోకి పోదు. ఆ పన్నెండు మీటర్లు ఎవరి లెక్కకూ అందవు. పోయి వచ్చే కాలంలో ఈ తేడా సుమారు 120 నానో సెకన్లు మాత్రమే. అంత చిన్న తేడా భూమిలోపలి సంగతి ఒకటి చెప్పింది.

గుంట దగ్గరినుంచి టేపు పట్టుకుని 835 మీటర్లు పోయాము. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. పక్కన పత్తిచేను. చేను కాపున్న ముసలి రైతు, "ఈడ ఎవరు తవ్విండ్రు? ఉత్తగనే నా ఒడ్డు చెడగొట్టకుండ్రి," అని అడ్డం వచ్చాడు. ఆయన కోపంలో న్యాయం ఉన్నది. ఊహమీద తవ్వుకుంటూ పోతే చేను పాడవుతుంది, పొద్దు కూడా పోతుంది.

"తాతా, రెండు మీటర్ల పొడుగు తవ్వుత. లేకుంటే నేనే పూడ్చి పోత," అన్నాడు కుర్రవాడు.

గడ్డపార నాలుగు పోట్లు వేసేసరికి మట్టి మెత్తగా వచ్చింది. ఎవరో కొద్దిరోజుల కింద అక్కడ నీళ్ళ పైపు వేయడానికి తవ్వి, తిరిగి పూడ్చారు. వాన పడి పైన గడ్డి మొలిచింది. తవ్వినప్పుడు నలిగిన కేబులు, మట్టి కుంగేసరికి ఆ రోజున పూర్తిగా తెగిపోయింది. ఒక కొస టేపు చూపిన చోటికి మూడు మీటర్ల అవతల దొరికింది. ఆ వెంబడి పోతే రెండవ కొస దొరికింది. నడుమ ఉన్న నలిగిన ముక్కను తీసేసి, కొత్త ముక్క వేసి, రెండు చోట్లా పోగులను కరిగించి అతికాడు. దీపాలు పెట్టేవేళకు ఫోన్లు మోగాయి. మరునాడు పొద్దున పింఛన్లు ఇచ్చారు. ఒక్కచోట మాత్రమే అతికి ఉంటే, ఆ రాత్రి మళ్ళీ వెతుకులాట మొదలయ్యేది.

తెగినచోటు కనుక్కోవడానికి ఒక్క పెట్టె, అందులో ఒక్క గడియారం చాలాయి. ఎందుచేతనంటే కాంతి పోయి మళ్ళీ అక్కడికే వచ్చింది. కాని కాంతి ఇక్కడ బయలుదేరి అక్కడే ఉండిపోతే? అప్పుడు రెండు గడియారాలు కావాలి. ఆ రెండూ కలిసి నడుస్తున్నాయని ఎవరు చెప్పాలి?

ఒక లెక్క చేద్దాం. మీ స్నేహితుడు పక్క ఊళ్ళో ఉన్నాడు. మీరు మీ గడియారంలో సరిగ్గా 10 గంటలకు సైకిలుమీద ఒక పిల్లవాణ్ణి పంపారు. స్నేహితుని గడియారంలో 10 గంటల 25 నిమిషాలకు వాడు చేరాడు. దారిలో 25 నిమిషాలు పట్టిందని చెప్పలేము. స్నేహితుని గడియారం ముందు నడుస్తూ ఉండవచ్చు. ఆ పిల్లవాడు స్నేహితుని గడియారం ప్రకారం 10 గంటల 30 నిమిషాలకు తిరిగి బయలుదేరి, మీ గడియారం ప్రకారం 10 గంటల 45 నిమిషాలకు వచ్చాడు. పోయేటప్పుడు 25, వచ్చేటప్పుడు 15. రెండూ కలిపి సగం చేస్తే 20. అదే దారిలో పట్టిన కాలం. స్నేహితుని గడియారం 5 నిమిషాలు ముందున్నది. ఎంత చక్కని ఉపాయం! గడియారాలు కలవకపోయినా రెండు సంగతులూ తెలిసిపోయాయి.

పూర్వం టెలిగ్రాఫు రోజుల్లో కూడా ఇదే ఉపాయం వాడేవారు. 1870ల, 1880ల కాలంలో మన దేశపు సర్వే అధికారులు ఊళ్ళ రేఖాంశాలు కనుక్కోవడానికి రెండు ఊళ్ళ గడియారాలను తీగమీద పోల్చేవారు. తీగలో సంకేతం పోవడానికి పట్టే కాలం లెక్కను చెడగొట్టకుండా, ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ సంకేతాలు పంపి సరాసరి తీసేవారు.

అయితే ఆ "సగం" దగ్గరే చిక్కున్నది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి అనుకోండి. పోవడానికి 22 నిమిషాలు, రావడానికి 18 నిమిషాలు పట్టాయి. స్నేహితుని గడియారం నిజంగా 3 నిమిషాలే ముందున్నది. లెక్క వేసి చూడండి. అప్పుడు కూడా సరిగ్గా 10-25, 10-30, 10-45 అనే అంకెలే వస్తాయి! అంకెలు ఒకటే, నిజాలు రెండు. గాలి సంగతి వేరుగా తెలిస్తే తప్ప ఏది నిజమో అంకెలు చెప్పలేవు. పోక, రాక సమానమైతేనే సగం నిజం.

ఇది ఆటలో లెక్కకాదు. మా టేకుమట్ల ఉన్న భూపాలపల్లి జిల్లాలోనే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. అటువంటి కేంద్రాలనుంచి పెద్ద పెద్ద టవర్లమీద కరెంటు తీగలు పోతుంటాయి. చాలా లైన్లలో టవరు తలమీదుగా పోయే సన్నని తీగ లోపల గాజుపోగులు దాచి ఉంటాయి. లైనుకు రెండు కొసలా కాపలా యంత్రాలుంటాయి. ఈ కొసన ఎంత కరెంటు ప్రవేశించింది, ఆ కొసన ఎంత బయటికి వచ్చింది అని అవి ఆ పోగుద్వారా ఒకదానికొకటి చెప్పుకుంటాయి. రెండూ సరిపోతే లైను క్షేమం. సరిపోకపోతే దారిలో ఎక్కడో కరెంటు కారిపోతున్నది. వెంటనే లైను ఆపేయాలి.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్కొక్క ఊపుకు 20 మిల్లీ సెకన్లు. కనుక రెండు యంత్రాలు ఒకే క్షణపు కరెంటును పోల్చాలి. కబురు పోవడానికి ఎంతసేపు పట్టిందో తెలుసుకోవడానికి అవి కూడా కబురు పంపి, జవాబు అందుకుని, సగం చేస్తాయి. కబురు పోయే దారికి 2 మిల్లీ సెకన్లు, జవాబు చుట్టుదారిన రావడానికి 6 పట్టాయనుకోండి. యంత్రం 4 అనుకుంటుంది. తప్పు 2 మిల్లీ సెకన్లు, అంటే ఒక ఊపులో పదవ వంతు. అంతమాత్రానికే ఏ జబ్బూ లేని లైను దానికి జబ్బుపడినట్టు కనపడి, ఊళ్ళకు ఊళ్ళు చీకటి కావచ్చు. అందుకని ఇంజనీర్లు పోక, రాక ఒకే దారిన ఉండేటట్టు జాగ్రత్త పడతారు.

గాజుతీగలో కొద్దిపాటి ఆలస్యం ఒకసారి ప్రపంచాన్నే కలవరపెట్టింది. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలనుంచి న్యూట్రినోలు అనే సూక్ష్మకణాలను భూమిలోపలగా ఇటలీలోని గ్రాన్ సాసో అనే కొండకింద ఉన్న పరిశోధనశాలకు పంపారు. దూరం సుమారు 730 కిలోమీటర్లు. 2011 సెప్టెంబరులో ఓపెరా అనే బృందంవారు, న్యూట్రినోలు కాంతికన్న దాదాపు 60 నానో సెకన్లు ముందుగా చేరుతున్నాయని ప్రకటించారు. కాంతిని మించిన వేగం లేదని ఐన్‌స్టీన్ చెప్పాడు గదా! ప్రపంచమంతటా గగ్గోలు పుట్టింది.

ఆ శాస్త్రజ్ఞులు మేము గెలిచాం అనలేదు. నెలల తరబడి వెతికినా మాకు తప్పు కనపడలేదు, మీరు కూడా చూడండి అన్నారు. మళ్ళీ తామే వెతికారు. కొండకింద గడియారానికి బయటినుంచి సమయం తెచ్చే ఫైబరు తీగ ఒకటి ఉన్నది. దాని పొడవు 8 కిలోమీటర్ల పైచిలుకు. ఆ తీగ కొస ఒకటి సరిగా బిగించి లేదు. దానితో తగినంత వెలుతురు లోపలికి పోలేదు. వెలుతురు తక్కువైతే దాన్ని అందుకునే యంత్రం మేలుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం సుమారు 73 నానో సెకన్లు. మరొక గడియారం లోపం దానికి ఎదురు దిశలో కొంత తప్పును తెచ్చింది. 2012 ఫిబ్రవరిలో ఈ సంగతులు బయటపెట్టారు. మళ్ళీ కొలిస్తే, న్యూట్రినోలు బుద్ధిగా కాంతి వేగంతోనే వస్తున్నాయి. అదే కొండకింద ఉన్న మరి మూడు బృందాలవారు కూడా ఆ ఏడే అదే మాట చెప్పారు.

ఇన్ని జాగ్రత్తలు పడినా, తీగ ఆలస్యం ఎప్పుడూ ఒకేమాదిరిగా ఉండదు. ఎండ పడితే గాజు గుణం మారి, కాంతి కొంచెం నెమ్మదిస్తుంది. ఒక కిలోమీటరు పోగు ఒక డిగ్రీ వేడెక్కితే ఆలస్యం నానో సెకనులో దాదాపు 25వ వంతు పెరుగుతుంది. పది కిలోమీటర్ల పోగు ఇరవై డిగ్రీలు వేడెక్కితే 8 నానో సెకన్లు! స్తంభాలమీద వేలాడే కేబులు మిట్టమధ్యాహ్నం ఒక లెక్క చెబుతుంది, తెల్లవారుజామున ఇంకొక లెక్క చెబుతుంది. భూమిలో పాతిన కేబులు అంత తొందరగా మారదు.

అందుకని ఒక్కసారి కొలిచి ఊరుకోరు. ఎడతెరపి లేకుండా కొలుస్తూనే ఉంటారు. సెర్న్‌లో మొదలైన వైట్ రాబిట్ అనే ఏర్పాటు ఇటువంటిదే. తెల్ల కుందేలు అని ఆ మాటకు అర్థం. "ఆలిస్" కథలో గడియారం పట్టుకుని పరుగెత్తే కుందేలు పేరే దీనికి పెట్టారు. ఇందులో పోకకూ రాకకూ ఒకే గాజుపోగు వాడతారు. దారి ఒకటే కనుక ఎండ తగిలితే రెండింటికీ తగులుతుంది. అయితే పోయే కాంతి, వచ్చే కాంతి కలిసిపోకుండా రెంటికీ వేరువేరు రంగులు. గాజులో ఏ రంగు వేగం ఆ రంగుదే. అదే మన సైకిలు కథలోని ఎదురుగాలి, వెనకగాలి. ఆ తేడాను ముందే కొలిచి పెట్టుకుని లెక్కలో సరిచేస్తారు. అప్పుడు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు గడియారాలు ఒక నానో సెకనుకన్న తక్కువ తేడాతో కలిసి నడుస్తాయి.

మన భారత కాలానికి ఆధారమైన ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. కాని ఆ కాలాన్ని చెప్పే అణు గడియారాలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నాయి. "ఇప్పుడు సరిగ్గా పది గంటలు" అని ఢిల్లీనుంచి 2,000 కిలోమీటర్ల గాజుతీగమీద కబురు పంపితే, అది చేరేసరికి 10 మిల్లీ సెకన్లు గడిచిపోతాయి. చేరిన కబురు పాతబడిన కబురే. ఎంత పాతబడిందో తెలిసినవాడికే అది పనికివస్తుంది.

పిల్లలూ, ఈ సంగతి మీరే ఆడి చూడవచ్చు. ఇద్దరు స్నేహితులు సెకన్ల ముల్లున్న గడియారాలు చెరొకటి తీసుకోండి. వాటిని కావాలనే కలపకుండా ఉంచండి. ఒకరు బడి ఈ చివర, మరొకరు ఆ చివర నిలబడండి. మూడవవాడు చీటీ పట్టుకుని అటు నడిచి పోయి ఇటు నడిచి రావాలి. బయలుదేరిన, చేరిన నాలుగు సమయాలూ చీటీమీద రాసి, పైన చెప్పినట్టు లెక్క వేయండి. తరువాత రెండు గడియారాలను పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క సరిపోతుంది. రెండవసారి వాణ్ణి అటు నడిచి పోయి, ఇటు పరుగెత్తుకుని రమ్మనండి. ఈసారి లెక్క తప్పుతుంది. ఎంత తప్పిందో చూసి, వాడు పోయేటప్పుడు ఎంత నెమ్మదిగా నడిచాడో, వచ్చేటప్పుడు ఎంత వేగంగా పరుగెత్తాడో మీరు చెప్పగలరేమో ప్రయత్నించండి.